హ్యూయన్‌త్సాంగు చెలిమికాండ్రు

చరిత్ర పుస్తకములలో హ్యూయన్‌త్సాంగు ఒక సాక్షి. హర్షుని కొలువు ఎట్లుండెను, నలందలో ఏమి చదివిరి, ఒక నగరమునకు మరియొక నగరమెంత దూరము అని సందేహము కలిగినప్పుడెల్ల ఆ చీనా యాత్రికుని బోనులో నిలిపి సాక్ష్యము చెప్పించుట పరిపాటియైనది. కన్నింగ్‌హామ్ పండితుడు అతని దూరపు లెక్కలను చేతబట్టుకొనియే పాడుబడిన పట్టణములను వెదకెను. ఇందువలన చరిత్రకు గొప్ప మేలు కలిగినదనుటలో సందేహము లేదు. కాని అతడు మనకొక కొలబద్దగా మిగిలినంతగా మనిషిగా మిగులలేదు. పదునారేండ్లు పరాయి నేలపై తిరిగినవాడు ఎవరి యింట అన్నము తినెను, ఎవరితో వాదులాడెను, ఎవరిని విడిచివచ్చునప్పుడు కంట తడిపెట్టెను అను ముచ్చటలు మన పాఠ్యపుస్తకములలో కానరావు.

ఆ ముచ్చటలు అతని పేర ప్రసిద్ధమైన యాత్రాగ్రంథమున కూడ తక్కువయే. చక్రవర్తి కోరికపై 646లో సిద్ధమైన ఆ గ్రంథము దేశముల వర్ణన. అందు కొండలు, నదులు, పంటలు, విహారములు కలవు. మనుష్యులు కనబడునది వేరొక గ్రంథమున. అతని అనువాద కార్యమున తోడ్పడిన హుయిలీ అను భిక్షువు ఆరంభింపగా, యెన్‌త్సుంగు అను మరియొక భిక్షువు 688లో పూర్తిచేసిన జీవితకథ అది. భక్తులు వ్రాసినది గనుక స్వప్నములకును శకునములకును అందు కొదవలేదు. వానిని తీసి ప్రక్కన పెట్టినను మిగులునది స్వల్పము కాదు. మిగులునది ముఖ్యముగా చెలిమి కథ. అంతకంటె ముఖ్యముగా, చెలిమి చేసినవారు ఆ యాత్రికుని పోనీయలేకపోయిన కథ.

629లో చాంగాన్ నగరము విడుచునాటికి అతనికి ప్రయాణమునకు అనుమతి లేదు. టాంగు వంశము క్రొత్తగా కుదురుకొనుచున్న కాలము. పడమటి సరిహద్దు దాటరాదని రాజాజ్ఞ. కావున అతడు పగలు దాగి రాత్రి నడచెను. చేత ముద్ర లేని బాటసారికి ఎదురైన ప్రతి మనిషియు ఒక ప్రశ్నయే: పట్టియిచ్చునా, పంపించునా?

సరిహద్దు పట్టణమున దారి చూపుటకు దొరకిన మొదటి తోడు ఒక పరజాతి యువకుడు. అతడు గురువువద్ద పంచశీలములు గ్రహించెను. ఎడారిదారి పదునైదు మారులు చూచిన ముసలి యెఱ్ఱగుఱ్ఱము నొకదానిని ఒక వృద్ధునివద్దనుండి సమకూర్చెను. కాని నది దాటిన రాత్రి, గురువు పండుకొనియుండగా, కత్తి దూసి అతనివైపు నడచి, ఏమనుకొనెనో, మరల వెనుకకు పోయెను. తెల్లవాఱిన పిమ్మట అసలు సంగతి బయటపడినది. పట్టుబడినచో గురువు తన పేరు చెప్పునేమో యని అతని భయము. తన శరీరమును ధూళిగా తరిగినను అతని పేరు చెప్పనని హ్యూయన్‌త్సాంగు ప్రమాణము చేసి, ఒక గుఱ్ఱమును కానుకగా నిచ్చి, అతనిని సాగనంపెను. కత్తి దూసినవానికి కానుక యిచ్చుట భక్తకథలలోని అలంకారమని తలచువారుండవచ్చును. అంత అనుమానము పనిలేదు. ఇల్లు, ఊరు విడువలేని పేదవాడు రాజదండనకు వెఱచుట వింత కాదు. నది దాటించువరకు అతడు చేసినది మేలే. ఆ లెక్క హ్యూయన్‌త్సాంగునకు తెలిసియుండెను.

అటుపై ఒంటరి ప్రయాణము. మొదటి కావలిబురుజునుండి బాణములు పడినవి. పట్టుకొనిన అధికారి బౌద్ధుడగుట అదృష్టము. అతడు మొదట వెనుకకు మరలుమని బోధించి, పిదప తానే నీరును ఆహారమును ఇచ్చి, తన బంధువు కాపున్న బురుజునకు దారి చెప్పెను. ఎడారిలో నీటితిత్తి చేజారి ఒలికిపోగా నాలుగు రాత్రులు, ఐదు పగళ్లు గొంతు తడియక గడచినవి. చివరకు నీటిపట్టు కనిపెట్టినది ఆ ముసలి గుఱ్ఱమే. హామీ చేరినప్పుడు అక్కడి విహారమున నున్న ఒక ముదుసలి చీనా భిక్షువు కాళ్లకు చెప్పులైనను లేకుండ పరుగెత్తివచ్చి, స్వదేశీయుని ముఖము మరల చూతునని అనుకొనలేదని కౌగిలించుకొని యేడ్చెనట. పరదేశమున ఒంటరిగా ముసలితనము వచ్చుట యెట్టిదో ఆ ఒక్క దృశ్యమువలన తెలియును.

హామీ తరువాత గావ్‌చాంగు. నేటి తుర్ఫాను ప్రాంతమున నుండిన చిన్న రాజ్యమది. రాజు పేరు చూ వెన్‌తాయ్. యాత్రికుడు వచ్చుచున్నాడని విని గుఱ్ఱములను ఎదురు పంపెను. నడిరేయి నగరద్వారము చేరుసరికి రాజు నిద్రపోక దివిటీలతో ఎదురువచ్చెను. రాణియు మేలుకొని కాచుకొనియుండెను. పదిదినములైన తరువాత అతిథి సెలవడుగగా చిక్కు వచ్చిపడినది. రాజు పంపననెను. తన రాజ్యముననే గురువుగా ఉండుమని బ్రతిమాలెను. వినకున్న చీనాకే తిప్పి పంపుదునని బెదరించెను. అనుమతి లేక దేశము దాటినవానికి ఆ బెదరింపు అర్థమేమో చెప్పనక్కరలేదు. తన యెముకలను నిలుపుకొనవచ్చును గాని తన మనస్సును నిలుపలేరని అతిథి బదులు చెప్పెను. రాజు గౌరవమును ఇంకను హెచ్చించెను. ప్రతిదినము తానే పళ్లెరము పట్టుకొని వడ్డింపవచ్చెను. ప్రేమతో కట్టిన సంకెల ఇనుపసంకెలకంటె బరువు. హ్యూయన్‌త్సాంగు అన్నపానములు మాని కూర్చుండెను. మూడు దినములు గడచినవి. నాలుగవనాడు ఊపిరి సన్నగిల్లుట చూచి రాజు సిగ్గుపడి, నేలకు వంగి, పొమ్మని ఒప్పుకొనెను.

ఇక్కడ కథ ముగిసినచో అది మొండి రాజునకును మొండి సన్యాసికిని జరిగిన పంతముగా మిగులును. కాని వారిరువురును ఆ పంతమునుండియే అన్నదమ్ములైరి. రాజమాత సమక్షమున బుద్ధవిగ్రహము నెదుట సోదరులుగా ప్రమాణము చేసికొనిరి. రాజు రెండు కోర్కెలు కోరెను: ఇప్పుడొక నెల నిలిచి సూత్రవ్యాఖ్యానము చేయవలెను, తిరిగివచ్చునప్పుడు మూడేండ్లు గావ్‌చాంగున ఉండవలెను. అతిథి రెండింటికిని ఒప్పుకొనెను. వ్యాఖ్యానమునకు మూడువందలమంది కూర్చుండునట్టి డేరా వేయించిరి. ప్రతిదినము రాజు ధూపపాత్ర పట్టుకొని ఎదురువచ్చి, గురువు పీఠమెక్కుటకు తన వీపునే మెట్టుగా వంచెను.

అతడు సమకూర్చిన సామగ్రి జాబితా చూచినచో అది రాజు ఇచ్చిన కానుకవలె కాక, దూరదేశమునకు కొడుకును పంపు తల్లి కట్టియిచ్చిన మూటవలె తోచును. మార్గమున చలి కాచుకొనుటకు ముఖమునకు ముసుగులు, చేతులకు తొడుగులు, కాళ్లకు జోళ్లు, ముప్పది కట్టుబట్టలు, నూరు లియాంగుల బంగారము, ముప్పదివేల వెండినాణెములు, ఐదువందల పట్టు తానులు, ముప్పది గుఱ్ఱములు, ఇరువదియైదుగురు పనివాండ్రు, సేవకు నలుగురు చిన్న భిక్షువులు. ఇవి ఇరువదియేండ్ల రాకపోకలకు చాలునని లెక్కవేసి యిచ్చినవి. వీనియన్నింటికంటె విలువైనవి ఇరువదినాలుగు లేఖలు. దారిలోని ఇరువదినాలుగు రాజ్యములకు ఒక్కొక్క లేఖ, దానితో ఒక్కొక్క పట్టువస్త్రము. పడమటి తురుష్కుల ఖానునకు వేరుగ ఐదువందల తానులును రెండు బండ్ల పండ్లును. ఇతడు నా తమ్ముడు, భారతదేశమునకు ధర్మమును వెదకుకొనుచు పోవుచున్నాడు, నన్ను చూచినట్లు చూడుడని వాని తాత్పర్యము. వీడుకోలునాడు రాజు కౌగిలించుకొని యేడ్చి, రాణిని ప్రజలను వెనుకకు పంపి, తాను ఇంకను ఎంతో దూరము వెంటవచ్చెను.

రాజు చెలిమికి వెల చెల్లించినవారు పనివాండ్రని చెప్పకపోవుట న్యాయము కాదు. తియాన్‌షాన్ మంచుకొండలు దాటుటలో వెంటవచ్చినవారిలో పదింట మూడు నాలుగు పాళ్లు చలికిని ఆకలికిని మరణించిరి. జీవితకథ వారి పేర్లు చెప్పదు.

ఖాను సత్కారము మాత్రము హాస్యరసముతో కూడినది. ఆ తురుష్క ప్రభువు అతిథికి విందుచేసి, ఇండియాకు పోవలదని హితవు చెప్పెను. అక్కడ పదవ నెలలో సైతము తమ దేశపు ఐదవ నెలవలె వేడి యుండును, అతిథి సుకుమారుడు గనుక కరగిపోవునేమో, ఆ జనులు నల్లనివారు, మర్యాద తెలియనివారు, చూడదగినది ఏమియు లేదు అని అతని మాటల సారము. మన దేశమును గూర్చి ఆనాడు చెల్లుబడియైన యోగ్యతాపత్రమిది! వినక పోదునన్నవానిని చూచి ఖాను మాత్రము అలుగలేదు. తన సైన్యమున వెదకించి, చాంగానులో కొన్నియేండ్లుండి చీనాభాష నేర్చిన యువకుని దుబాసిగా వెంట పంపెను. కుందూజునందు ఖాను కొడుకు కాపుండెను. గావ్‌చాంగు రాజు చెల్లెలు అతని భార్య. హ్యూయన్‌త్సాంగు చేరునప్పటికే ఆమె మరణించియుండెను. అన్న వ్రాసిన లేఖ చెల్లెలు లేని యింటికి చేరినది. జబ్బుపడియున్న ఆ భర్త లేఖ చూచి యేడ్చెను. ఇంటివారును ఏడ్చిరి. క్రొత్తగా వచ్చిన పరదేశి ఆ యింట ఒక్క క్షణములో బంధువై కూర్చుండెను.

బాల్ఖులో మరియొక తెఱగు స్నేహము. ప్రజ్ఞాకరుడను భిక్షువు హీనయానమువాడు. భారతదేశమునుండి అక్కడి విహారమును చూడవచ్చినవాడు. శాఖ వేరైనను ఇరువురు నెలకుపైగా కలిసి చదివి, బామియాన్ మీదుగా కపిశవరకు కలిసి నడచిరి. కాశ్మీరమున డెబ్బదియేండ్ల ఆచార్యుడొకడు తన వార్ధక్యమును మరచి ఈ విద్యార్థికొరకు పాఠములు చెప్పెను. అక్కడి రాజు గ్రంథములు వ్రాసియిచ్చుటకు ఇరువదిమంది లేఖకులను నియమించెను.

ఇట్టి యాత్రలతో నేటి విదేశయాత్రలను పోల్చుట న్యాయము కాకపోవచ్చును. నేడు విమానము పూటలో దింపును, పూటకూలియింటి గది ముందే సిద్ధమైయుండును, చేతిలోని ఫోను పరాయి భాషను తానే మార్చి వినిపించును. దారి అడుగవలసిన పనిలేదు, నీరు అడుగవలసిన పనిలేదు. అడుగవలసిన పని లేనిచోట ఇచ్చువాడును ఉండడు. పదునాలుగు దినములలో ఏడు దేశములు చూచివచ్చిన వారిని అక్కడి ఎవరైన ఒకరి పేరు చెప్పుమన్నచో తడబడుదురు. హ్యూయన్‌త్సాంగు గొప్ప అతడు కష్టపడుటలో లేదు. కష్టము అందరు యాత్రికులును పడిరి. అతడు ఎక్కడనైనను నెలలు, ఏండ్లు నిలిచెను. నిలిచినచోట ఏదో ఒకటి నేర్చుకొనెను, తనకు తెలిసినది నేర్పెను. చెలిమి ఆ ఇచ్చిపుచ్చుకొనుటలో పుట్టినది.

నలందలో ఇది స్పష్టముగా కనబడును. అక్కడ అతడు శీలభద్రాచార్యుని పాదములకడ శిష్యుడై యోగాచారశాస్త్రము వినెను. ఆచార్యుని వయస్సు అప్పటికి నూటాఱేండ్లని జీవితకథ. విహారమువారు అతనికి ఏర్పరచిన దినవెచ్చము చూడదగినది: నూటయిరువది జంబీరఫలములు, ఇరువది పోకలు, ఇరువది జాజికాయలు, కర్పూరము, మగధలో మాత్రమే పండు మహాశాలి బియ్యము. నూటయిరువది జంబీరములు ఒక సన్యాసి తినలేడు. అది ఆహారము కాదు, మర్యాద.

మర్యాదకంటె లోతైన కథ ఒకటి ఆ కాలముననే జరిగినది. లోకాయతుడైన ఒక బ్రాహ్మణుడు నలుబది సిద్ధాంతములను వ్రాసి నలంద ద్వారమున వ్రేలాడదీసి, ఖండించినవానికి తన తల యిత్తునని పందెము కట్టెను. హ్యూయన్‌త్సాంగు వాదమునకు పిలిచి గెలిచెను. ఓడినవాడు మాట ప్రకారము తల యిచ్చుటకు సిద్ధపడగా, తల వలదు, దాసుడుగా నుండుమని గెలిచినవాడనెను. కొన్నాళ్లకు ఓఢ్రదేశపు హీనయాన పండితులతో నలందవారికి వాదము తటస్థించినది. ప్రతిపక్షుల గ్రంథము ఏడువందల శ్లోకములది. అందు కొన్నితావులు హ్యూయన్‌త్సాంగునకు కొఱుకుడుపడలేదు. దాసుడైన బ్రాహ్మణుని ఆ గ్రంథము వింటివా యని అడుగగా, ఐదుమారులు వింటిననెను. అట్లయిన చెప్పుమనెను. దాసుడైన తాను యజమానికి గురువగుటెట్లని అతడు సంకోచించెను. తనకు తెలియని సంగతి గనుక నిస్సంకోచముగా చెప్పుమని ఇతడు పట్టుబట్టెను. అట్లయిన రాత్రి చెప్పుదును, దాసునివద్ద చదువుకొనెనని లోకులు గురువును తక్కువ చేయకుందురని ఆ బ్రాహ్మణుడు తానే ఉపాయము చెప్పెను. తల పోగొట్టుకొనబోయినవాడు తన్ను ఓడించినవాని పరువును కాపాడుటకు చింతించుట! రాత్రియంత పాఠము సాగినది. పాఠము ముగిసిన పిదప హ్యూయన్‌త్సాంగు అతనికి దాస్యవిముక్తి ప్రసాదించెను. అతడు సంతోషముతో కామరూపమునకు పోయి, అక్కడి రాజైన కుమారునికడ తన పూర్వ యజమానిని గూర్చి పొగడెను. ఆ పొగడ్త ఫలముగనే ఆ రాజు చీనా గురువును తన కొలువునకు పిలిపించెను. గెలిచిన వాదములు హ్యూయన్‌త్సాంగునకు పెక్కు కలవు. రాత్రి పాఠము విన్నట్టి వినయము వానికంటె గొప్పది.

ఆంధ్రపాఠకునకు ప్రత్యేకించి ఆసక్తి కలిగించు ఘట్టము ధనకటకమునది. కళింగము, దక్షిణకోసలము దాటి అతడు ఆంధ్రదేశమునకు వచ్చెను. కుబ్జవిష్ణువర్ధనుని వంశము వేంగిని ఏల నారంభించి ఎంతో కాలము కాలేదు. ఇక్కడి జనుల భాషయు వాక్యరచనయు మధ్యదేశపు భాషకంటె భిన్నములనియు, అక్షరముల ఆకృతి మాత్రము చాలవరకు అట్టిదేయనియు అతడు గుర్తించెను. చెవికి తెలియని భాషను వినుచు దాని వాక్యము వేరుగ నడచుచున్నదని పట్టుకొనుట సామాన్యుని పని కాదు. అటనుండి ధనకటకము. అమరావతి చెంతనున్న ధరణికోటయే ధనకటకమని కొందరును, బెజవాడయని కొందరును వాదించిరి. నగరమునకు తూర్పున పూర్వశైల విహారమును, పడమట అపరశైల విహారమును ఉండెననియు, అవి అప్పటికే పాడుబడియుండెననియు అతడు వ్రాసెను.

ఆ పాడుబడిన వైభవము నడుమ అతనికి ఇరువురు దొరకిరి. వారి పేర్లు సుభూతి, సూర్యుడు. మహాసాంఘిక శాఖ త్రిపిటకమున ఆరితేరిన భిక్షువులు. హ్యూయన్‌త్సాంగు అక్కడ కొన్ని నెలలు నిలిచి వారికడ ఆ శాఖయొక్క మూలాభిధర్మాది శాస్త్రములు చదివెను. వారును అతనికడ మహాయాన శాస్త్రములు చదివిరి. పిదప మనస్సు లేకమై ముగ్గురును కలిసి పుణ్యక్షేత్రముల దర్శనమునకు బయలుదేరిరి. జీవితకథలో ఇంతే కలదు. రెండు మూడు వాక్యములు. అయినను ఆ వాక్యములను నిదానముగా చదువవలసియున్నది. అందు ఎవరు గురువు, ఎవరు శిష్యుడు అని విడదీయుటకు వీలులేదు. ప్రొద్దున చెప్పినవాడు సాయంత్రము వినెను. అతిథి పెద్దవాడు కాదు, ఆతిథ్యమిచ్చినవారు చిన్నవారు కారు. రాజుల కానుకలు లేవు, ద్వారమున పందెములు లేవు. నడుమ సంస్కృతము ఉమ్మడి భాషగా నుండెను. కృష్ణానది ప్రక్కన పారుచుండెను. అమరావతి శిల్పములలో పెక్కు నేడు లండనులోను చెన్నైలోను ఉన్నవి. ఆ రాళ్లను గూర్చి గ్రంథములు వెలసినవి. ఈ ఇరువురు తెలుగునాటి పండితులను గూర్చి మాత్రము మన సాహిత్యమున మాట తక్కువ. శిల్పమునకు గల గౌరవము చెలిమికిని కలుగవలదా?

నలందకు తిరిగివచ్చిన పిమ్మట గావ్‌చాంగునాటి చిక్కే మరల ఎదురైనది, ఈమారు కత్తి లేదు, బెదరింపు లేదు. అందువలన మరింత కష్టమైనది. అతడు పుస్తకములు సర్దుకొనుట చూచి విహారవాసులెల్లరు చుట్టుముట్టి, ఇది బుద్ధుడు పుట్టిన నేల, చీనా మ్లేచ్ఛదేశము, ఎందుకు పోవలెనని వాదించిరి. ఇట్టి మాటకు లొంగినవారు లేకపోలేదు. అతనికి రెండువందల యేండ్లకు ముందు వచ్చిన ఫాహియాను వెంటనుండిన చివరి తోటిభిక్షువు మన దేశపు ఆచారములు చూచి ముచ్చటపడి ఇక్కడనే నిలిచిపోయెను. ఒంటరియైన ఫాహియాను సింహళమున ఒక వర్తకుడు విగ్రహము ముందుంచిన చీనాపట్టు విసనకఱ్ఱను చూచి కన్నీరు నింపుకొనెను. నిలిచినవాడు సుఖపడెనో, తిరిగివచ్చినవాడు సుఖపడెనో తేల్చుట కష్టము. హ్యూయన్‌త్సాంగు మాత్రము తన దేశమునకును న్యాయము, మర్యాద, విద్య కలవనియు, బుద్ధుడు పుట్టని చోటునకు ధర్మము పోకూడదను నియమము లేదనియు మిత్రులకు బదులు చెప్పెను. తగవు శీలభద్రుని ముందరకు పోయినది. ఆచార్యుడు శిష్యుని అభిప్రాయమే అడిగెను. విన్నది అనువదించి తనవారికి వినిపించుటయే గురుఋణము తీర్చు మార్గమని శిష్యుడనెను. వృద్ధుడు సంతోషించి, ఇక నెవరును అతనిని నిర్బంధింపవలదని విద్యార్థులకు చెప్పెను. వెన్‌తాయ్ రాజునకు మూడుదినముల ఉపవాసముచేత కాని తెలియనిది ఆ గురువునకు ఒక్క మాటతో తెలిసినది.

తరువాత కన్యాకుబ్జమున హర్షుడు జరిపించిన మహాసభయు, 643లో ప్రయాగ దానోత్సవమును సుప్రసిద్ధములు గనుక వాని వర్ణన ఇచట అనవసరము. ప్రయాగలో జరిగిన ఒక సంభాషణ మాత్రము విడువరానిది. సెలవడిగిన అతిథిని హర్షుడు ఏ దారిన పోవుదువని ప్రశ్నించెను. దక్షిణసముద్రము మీదుగా పోవుదువేని రాజపురుషులను తోడిచ్చి పంపుదుననెను. ఓడదారి దగ్గరిది, ఇసుకయెడారులు లేనిది. హ్యూయన్‌త్సాంగు వలదనెను. చీనా పడమటి అంచున గావ్‌చాంగను రాజ్యము కలదనియు, దాని రాజు ధర్మప్రియుడై తన ప్రయాణమునకు సమస్తము సమకూర్చెననియు, తిరుగు దారిలో కలియుమని కోరెననియు, అతని కోర్కె కాదనుటకు మనసు రాదనియు, కావున ఉత్తరపు దారినే పోవుదుననియు చెప్పెను. పదునాలుగేండ్ల నాటి మాట అది. రాజులకు మాట యిచ్చి మరచినవారు లోకమున కొల్లలు. ఇతడు ఆ మాటకొరకు మంచుకొండలను రెండవమారు దాటుటకు సిద్ధపడెను.

ఆ మాట చెప్పునాటికి వెన్‌తాయ్ మరణించి మూడేండ్లయినది. చీనాకు పోవు వర్తకపు దారిని గావ్‌చాంగు అడ్డుచున్నదని కినిసి తాయ్‌త్సుంగు చక్రవర్తి 640లో సేన నంపెను. సేన ఎడారి దాటివచ్చెనని విని వెన్‌తాయ్ భీతిల్లి వ్యాధిపడి మృతినొందెను. కొడుకు లొంగిపోయెను. రాజ్యము చీనాలో ఒక జిల్లాగా మారినది. అన్నగా వరించిన రాజును మ్రింగినది తన దేశపు సేనయే. హర్షుని కొలువున నిలిచి ఆ రాజును గూర్చి ప్రీతితో మాటాడినవానికి ఆ సంగతి తెలియదు.

హర్షునకును అతనిని విడుచుట సులభము కాలేదు. కుమారరాజు, నిలిచినచో నూరు విహారములు కట్టింతుననెను. పంపివేసిన మూడుదినములకు హర్షుడును కుమారుడును కొన్నివందల ఆశ్వికులతో వెంబడించివచ్చి మరియొకమారు వీడ్కోలు చెప్పిరి. సింధునది దాటునప్పుడు గాలివానకు పడవ యొరగి, యేబది గ్రంథపు కట్టలును, ఎంతో ప్రీతితో సేకరించిన పూలవిత్తులును నీటిపాలైనవి. పామీరు దాటి అతడు గావ్‌చాంగు దారిని కాక దక్షిణపు దారిని ఖోటానునకు చేరెను. మూడేండ్లు నిలిచెదనని మాట యిచ్చిన రాజ్యమిప్పుడు లేదు. అనుమతి లేక దేశము విడిచినందుకు మన్నింపుమని చక్రవర్తికి వ్రాసిన లేఖను ఖోటానునుండి తీసికొనిపోయినవాడు వర్తకుల బిడారుతో పోవుచున్న ఒక గావ్‌చాంగు యువకుడు. వెన్‌తాయ్ ప్రజలలో ఒకడు వెన్‌తాయ్‌ని జయించినవానికి హ్యూయన్‌త్సాంగు విన్నపము మోసికొనిపోయెను. ఇరువదినాలుగు లేఖలు వ్రాసియిచ్చిన రాజ్యము అతనికి చేసిన చివరి సాయము ఇది.

645లో అతడు 657 గ్రంథములతో చాంగాను చేరెను. చక్రవర్తి క్షమించి ఆదరించెను. అటుపై ఆ జీవితమంతయు అనువాదమే. స్నేహము మాత్రము ముగియలేదు. 652 వేసవిలో బోధగయ మహాబోధి విహారమునుండి ఫాచాంగను భిక్షువు జాబులతో వచ్చెను. వ్రాసినవారు జ్ఞానప్రభుడు, ప్రజ్ఞాదేవుడు. జ్ఞానప్రభుడు శీలభద్రుని శిష్యులలో ముఖ్యుడు, నలందనాటి సహాధ్యాయి. ప్రజ్ఞాదేవుడు హీనయాన పండితుడు. కన్యాకుబ్జ సభలో ప్రతిపక్షమున నిలిచి హ్యూయన్‌త్సాంగుతో కఠినముగా వాదించినవాడు. జాబులతో ఒక జత తెల్లని నూలువస్త్రములు, తాము రచించిన స్తుతి పంపిరి. ఏ గ్రంథములు కావలెనో పట్టిక వ్రాసినచో ప్రతులు వ్రాయించి పంపుదుమనిరి.

654లో ఫాచాంగు తిరుగు ప్రయాణమై జవాబు అడిగెను. జ్ఞానప్రభునకు వ్రాసిన జాబున, భారతదేశమునుండి వచ్చిన రాయబారివలన శీలభద్రాచార్యుని నిర్యాణవార్త విని కుమిలిపోతినని హ్యూయన్‌త్సాంగు తెలిపెను. తెచ్చిన గ్రంథములలో ముప్పదికి పైగా అనువదించితిననియు, ఆచార్యుడు బోధించిన యోగాచారశాస్త్రము వానిలో నున్నదనియు చెప్పెను. ప్రజ్ఞాదేవునకు వ్రాసిన జాబు మరింత మధురమైనది. కన్యాకుబ్జ సభలో ఇరువురును రాజుల యెదుట పట్టుదలతో వాదించుటలో మాటలు మితిమీరెనని అతడు ఒప్పుకొని, సభ ముగిసిన వెంటనే తన మనస్సున ఏమియు మిగులలేదనియు, ఫాచాంగుచేత మరల క్షమాపణ పంపుట మిక్కిలి సున్నితమైన మనస్సనియు వ్రాసెను. పదేండ్లకు పైగా, హిమాలయములకు ఆవల, ఆ విద్వాంసుడు తాను అన్న కఠినపు మాటలను మోయుచుండెనన్నమాట. అంతట జాబు ముగింపక, అంతటి పండితుడు హీనయానమును పట్టుకొని వ్రేలాడుట యేమని, మహాయానమున మనసు నిలుపుమని హ్యూయన్‌త్సాంగు మరల వాదమునకు దిగెను! క్షమాపణకు బదులు చెప్పిన జాబులోనే వాదము పునఃప్రారంభము. చదువరులగు మిత్రులు లోకమున అన్నిచోట్లను ఇట్టివారే.

సింధునదిలో పోయిన గ్రంథముల పట్టికను జ్ఞానప్రభుని జాబుతో జతపరచి, వీలైనచో పంపుమని కోరెను. తానును చిన్న కానుకలు పంపెను. మహాబోధి విహారమువారు వస్త్రములు పంపుచు, దారి దూరము గనుక కానుక స్వల్పమని తలపవలదని వ్రాసియుండిరి. ఇతడును దారి దూరము గనుక ఎక్కువ పంపలేకపోతినని, కొంచెమని తప్పుపట్టవలదని వ్రాసెను.